ట్రయథ్లాన్ ట్రైనింగ్: పేస్ తగ్గితే ఫిట్‌నెస్ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా ఏప్రిల్ రాగానే నా వాట్సాప్ నిండా స్క్రీన్‌షాట్లే. ఒకరిది స్ట్రావా యాప్, ఒకరిది గార్మిన్ వాచ్, కింద ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే. "సార్, డిసెంబర్‌లో ఇదే బీచ్ రోడ్డు మీద కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో కొట్టీవోడిని, ఇప్పుడు ఏడు దాటిపోతోంది, ఏటైపోయింది నాకు?"

ఏమీ అవలేదండీ, ఎండాకాలం వచ్చింది. కానీ ఇంత చిన్న జవాబు చెప్తే ఎవరికీ తృప్తి ఉండదు, యూట్యూబ్‌లో ఎవడో "ప్రతి వారం పేస్ (పరుగు వేగం) పెరగాలి, పెరగకపోతే మీరు కష్టపడట్లేదు" అని చెప్పుంటాడు, దాన్ని పట్టుకుని రెస్ట్ రోజు తీసేసి ఇంకా గట్టిగా పరిగెడతారు. నేను ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన రేసు) కోచింగ్ ఇచ్చే వాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే, అందుకే ఈ పోస్ట్‌లో సగానికి పైగా దీని గురించే ఉంటుంది, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

ముందు వైజాగ్ సంగతి. డిసెంబర్‌లో తెల్లారగట్ల 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, మేలో సూర్యుడు రాకముందే 28, దానికి తోడు ఉక్క. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. మన గాలిలో తేమ వల్ల అది ఆరదు, మోచేతుల మీంచి కారి రోడ్డు మీద పడుతుంది. అప్పుడు శరీరం ఒంట్లో వేడిని బయటికి పంపడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది, చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం కూడా కొంచెం తగ్గుతుంది, గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గి, ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అంటే పేస్ అదే ఉన్నా హార్ట్ రేట్ పైకి పోతుంది, హార్ట్ రేట్ అదే ఉంచుదామంటే పేస్ పడిపోతుంది. కొత్తగా ఎండలోకి దిగినప్పుడు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, అలవాటు పడ్డాక కూడా డిసెంబర్ పేస్ మేలో రాదు. రాకపోవడమే మామూలు.

ఇది ఒప్పుకోని వాళ్ళకి ఏమవుతుందో ఒక ఉదాహరణ. షిఫ్ట్ డ్యూటీ చేసే కుర్రాడు, గోవా 70.3కి ప్రిపేర్ అయ్యేవాడు. 70.3 అంటే ఒక రకం ట్రయథ్లాన్ రేసు, 1.9 కిలోమీటర్లు ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఈజీ రన్ అని నేను రాసిచ్చిన రోజున కూడా, నైట్ డ్యూటీ దిగొచ్చి మరీ, స్ట్రావాలో ఏదో ఒక సెగ్మెంట్‌లో (అందరి టైములూ పోల్చే రోడ్డు ముక్కలో) పేరు పైకి రావాలని పరిగెత్తేవాడు. అడిగితే "బాగానే ఉంది సార్, కొంచెం పిక్క ముందు ఎముక లాగుతోంది అంతే." కొన్నాళ్ళకి ఆ లాగడం ఒక్క చోట, వేలు పెట్టి చూపించేంత చోట నొప్పిగా మారింది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు, వాడికి సంబరం, మర్నాడే మళ్ళీ పరుగు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఎమ్మారైలో బయటపడింది. తర్వాత రెండు నెలలు పరుగు బంద్, ఆ ఏడాది గోవా కూడా బంద్. నొప్పి కాలంతా పరుచుకుని ఉండి కాస్త వార్మప్ అయ్యాక తగ్గితే కొంచెం ఆగి చూడొచ్చు, ఒకే బిందువు దగ్గర ఉండి రాత్రి పడుకున్నప్పుడు కూడా సలిపితే మాత్రం ఆ రోజే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

స్టీఫెన్ సైలర్ అనే స్పోర్ట్స్ సైంటిస్ట్ రోయింగ్, స్కీయింగ్, సైక్లింగ్‌లో టాప్ లెవెల్ వాళ్ళ ట్రైనింగ్ పరిశీలిస్తే, వాళ్ళ సెషన్లలో సుమారు 80 శాతం తేలికగా, మాట్లాడుకుంటూ చేసేంత నెమ్మదిగా ఉన్నాయి. మిగతా 20 శాతమే నిజంగా కష్టమైనవి. ప్రపంచంలో అంత బలమైన వాళ్ళు అంత నెమ్మదిగా చేస్తుంటే మన ఆఫీసు జనం మాత్రం రోజూ మధ్యస్థంగా, అటు ఈజీ కాదు ఇటు హార్డ్ కాదు అన్నట్టు రొప్పుతూ ఉంటారు. దానివల్ల ఈజీ రోజు కోలుకోలేరు, హార్డ్ రోజు నిజంగా హార్డ్‌గా చెయ్యలేరు. ఈజీ అంటే ఎంత అని అడగడానికి యాప్ అక్కర్లేదు, పక్కనున్న వాళ్ళకి నిన్న చూసిన సినిమా కథ ఆగకుండా చెప్పగలిగితే ఈజీ. రెండు ముక్కలకోసారి ఊపిరి తీసుకుంటుంటే కాదు.

మరి ప్రోగ్రెస్ ఎలా తెలుస్తుంది? బంగారం రేటు చూసుకున్నట్టు రోజూ పేస్ చూసుకుంటే తెలియదు. నా దగ్గర చేసే వాళ్ళకి నెలకోసారి ఒకే టెస్ట్ పెడతాను. ఒకే చదునైన చోటు, దాదాపు ఒకే టైము, పావుగంట వార్మప్, తర్వాత హార్ట్ రేట్‌ని ఒక అంకె దగ్గర, అనుకుందాం 140 దగ్గర, కట్టేసి 5 కిలోమీటర్లు. ఎంత టైము పట్టిందో రాసుకోవాలి, పక్కనే ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ, ముందురోజు నిద్ర కూడా రాసుకోవాలి. ఇది రాయమంటేనే అందరికీ బద్ధకం, అంకె ఒక్కటే రాసి పంపుతారు, అలాంటి అంకెతో నేనేం చేసుకోను? ఆ 140కే మూడు నెలల్లో టైము తగ్గుతూ ఉంటే మీరు బాగుపడుతున్నట్టు. ఎండాకాలంలో తగ్గకుండా అక్కడే నిలబడినా బాగుపడుతున్నట్టే.

సైకిల్‌కి యావరేజ్ స్పీడ్ ఇంకా పెద్ద మోసం. ఎండాకాలం భీమిలి వైపు వెళ్తుంటే నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంది, అప్పుడు అందరూ హీరోలే. తిరుగు ప్రయాణంలో అదే గాలి మొహం మీద కొడుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం వైపు మారి లెక్క తిరగబడుతుంది. మరి జనవరి రైడ్‌కీ మే రైడ్‌కీ స్పీడ్ పోల్చి ఏం తేలుస్తారు? పవర్ మీటర్ (మీరు తొక్కే బలాన్ని వాట్స్‌లో చూపించేది) ఉంటే సంతోషం. అది ఉంటే 20 నిమిషాలు ఫుల్లుగా తొక్కి వచ్చిన యావరేజ్‌లో 95 శాతం తీసుకుంటే ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగల పవర్) అంచనా వస్తుంది, దానికి బాగా తక్కువలో, మారకుండా ఒకే వాట్స్‌లో గంటన్నర తొక్కి హార్ట్ రేట్ ఎలా నడిచిందో కూడా చూడొచ్చు. మొదటి సగంలో 138, రెండో సగంలో 143 ఉంటే పెరిగింది 4 శాతం లోపే, బేస్ (చాలాసేపు తేలికగా చెయ్యగల ఓపిక) బాగుంది. 138 కాస్తా 155 అయితే బేస్ ఇంకా కట్టాలి, లేదా నీళ్ళు సరిగ్గా తాగలేదు. మీటర్ లేకపోతే ఇంట్లో సైకిల్‌ని ట్రైనర్ స్టాండ్‌కి బిగించి, ఫ్యాన్ పెట్టుకుని ఒకే గేర్, ఒకే కేడెన్స్‌తో (పెడల్ తిరిగే వేగంతో) ఇదే చెయ్యండి. కైలాసగిరి ఘాట్‌లో చేస్తే మాత్రం అర్థం లేదు.

ఈతకి 400 మీటర్లు, కాసేపు ఆగి 200 మీటర్లు, రెండూ గట్టిగా కొట్టండి. 400కి పది నిమిషాలు, 200కి 4 నిమిషాల 40 సెకన్లు పట్టిందనుకోండి, తేడా 5:20, దాన్ని రెండుతో భాగిస్తే 2:40. అదీ మీ క్రిటికల్ స్పీడ్, అంటే ఎక్కువసేపు నిలబెట్టగల వేగంలో 100 మీటర్లకి పట్టే టైము. పూల్ 25దా 50దా అన్నది కూడా రాసుకోండి, 25 పూల్‌లో గోడ తోసుకోవడాలు ఎక్కువ కాబట్టి టైము తక్కువ వస్తుంది.

ఇక పొద్దున లేవగానే పల్స్. మీకు మామూలుగా ఉండేదానికంటే 7, 8 ఎక్కువగా రెండు మూడు రోజులు వరుసగా కనపడితే ఆ రోజు హార్డ్ సెషన్ తీసేయండి. జ్వరం వచ్చే ముందు కూడా ఇలా కనపడుతుంది.

ఒక బ్యాంక్ మేడమ్ గారు రాత్రి పదకొండుకి ఫోన్ చేశారు, గొంతులో వణుకు. వాచ్‌లో వీఓ2 మ్యాక్స్ (ఒళ్ళు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంకె) 41 నుంచి 38కి పడిపోయిందట, వాళ్ళ మరిది "వదినా, గుండె బలహీనపడితేనే అలా చూపిస్తుంది" అన్నాడట. ఆయన డాక్టర్ కాదు. వాచ్ ఆక్సిజన్ కొలవదు, మీ పేస్, హార్ట్ రేట్ రెండూ పక్కపక్కన పెట్టి అంచనా కడుతుంది, ఉక్కపోతలో హార్ట్ రేట్ పెరిగితే మీరు నీరసపడ్డారని అనుకుంటుంది. ఆవిడకి అదే నెలలో ఈత టైము బాగా తగ్గింది. "మీకు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం ఏమైనా ఉన్నాయా" అని అడిగాను, ఏవీ లేవు. ఉంటే వాచ్‌లో అంకె ఎంతున్నా కార్డియాలజిస్ట్ దగ్గరికి పంపేవాడిని. భయపడేవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాదు, భయపెట్టే మరిదుల మీదే.

ఆ వాచ్ గోలలోనే ఇంకోటి, 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదే మీ మ్యాక్స్ హార్ట్ రేట్ అన్నది. అది జనాభా మొత్తానికి సగటు. 40 ఏళ్ళ మనిషికి 180 అని చెప్తుంది, నిజంగా ఆ మనిషిది 168 ఉండొచ్చు, 192 కూడా ఉండొచ్చు. దాని మీద ఈజీ, హార్డ్ జోన్లు (హార్ట్ రేట్ హద్దులు) కట్టుకుంటే కొందరికి ఈజీ కూడా హార్డ్ అయిపోతుంది. మణికట్టు సెన్సార్ ఒక్కోసారి మీ అడుగుల లెక్కనే పల్స్ అనుకుని 170 చూపిస్తుంది, నెమ్మదిగా జాగింగ్ చేస్తుంటే 170 కనపడిందా, ముందు పట్టీ బిగించి చూడండి. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొనుక్కుంటే ఈ బాధ చాలావరకు పోతుంది.

మోకాళ్ళు అరిగిపోతాయట. సరదాకి, ఆరోగ్యానికి పరిగెత్తే వాళ్ళలో మోకాలి ఆర్థరైటిస్ కూర్చుని ఉండే వాళ్ళ కంటే తక్కువగానే కనపడింది. పాత గాయం ఉంటే వేరే సంగతి.

ఆడవాళ్ళు పరిగెడితే గర్భసంచి జారిపోతుందని ఇంకా ఇళ్ళల్లో అంటున్నారు, ఈ మాట విని మానేసిన వాళ్ళని చూశాను, ఒళ్ళు మండిపోతుంది. దానికి అసలు కారణాలు కాన్పులు, వయసు, కటి కండరాల బలహీనత. ఆ ఇబ్బంది ఇప్పటికే ఉన్నవాళ్ళు గైనకాలజిస్ట్‌ని అడిగి చెయ్యాలి, మిగతావాళ్ళకి పరుగు తెచ్చిపెట్టేది కాదు. నిజంగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. ట్రైనింగ్ పెంచి తిండి తగ్గిస్తే పీరియడ్స్ ఆగిపోతాయి, దాన్ని "ఫిట్ అయ్యాం" అనుకుంటారు. వరుసగా మూడు నెలలు రాకపోతే ఎముకలకే ప్రమాదం, డాక్టర్‌ని కలవండి, ముందు ప్లేటులో అన్నం పెంచండి.

కొబ్బరిబోండం చాలు అంటారు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. గంట దాటిన రైడ్‌కి ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో పెట్టుకోండి. ఉత్త నీళ్ళు లీటర్లు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పల్చబడి మనిషి పడిపోతాడు. మీకెంత కావాలో తెలియాలంటే గంట రన్‌కి ముందూ వెనకా బరువు చూసుకోండి, కిలో తగ్గితే మీరు తాగినదానికి మించి సుమారు లీటరు చెమట పోయినట్టు. ఆ కిలో కొవ్వు కాదు, సంబరపడకండి.

చివరగా సముద్రం, ఇది మాత్రం గబగబా చెప్పలేను. "మనకి ఇంటి ముందే సముద్రం కదా సార్, పూల్‌కి డబ్బులెందుకు?" ఆర్‌కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, ఈత బాగా వచ్చిన వాళ్ళు కూడా పోయారు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకిచ్చే గుర్తింపు) వచ్చింది, జెండా వచ్చినంత మాత్రాన కెరటం ఊరుకోదు. పూల్‌లో 1500 మీటర్లు ఆగకుండా వచ్చేవరకు సముద్రం మాట ఎత్తొద్దు. తర్వాత కూడా అనుభవం ఉన్న గ్రూపుతో, లైఫ్‌గార్డులున్న చోట, నడుముకి రంగు బోయా కట్టుకుని, ఒడ్డుకి సమాంతరంగా. లాగేస్తోందనిపిస్తే ఎదురీదకుండా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి తిరగాలి, అలిసిపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. వానాకాలం కెరటాల్లో నేను ఎవరినీ దింపను, ఫోన్ చేసి బతిమాలినా దింపను, గోవా రేసు నెలలోనే ఉన్నా సరే, ఆ నెలంతా పూల్‌లోనే ప్రతి నాలుగు స్ట్రోక్‌లకీ తల ఎత్తి ముందుకి చూడటం ప్రాక్టీస్ చేయిస్తాను.