మడ్డి నీళ్లకు మెరుపు ఫ్లై: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ బేలో లోతు తక్కువ. గట్టి గాలి వీచిందంటే అడుగు బురదంతా లేచి నీళ్లు మడ్డిగా మారిపోతాయి. అక్కడ నేను రెడ్‌ఫిష్ కోసం ఫ్లైలు కడుతుంటాను. ఫ్లై అంటే కొక్కేనికి వెంట్రుకలు, తళుకు పోగులు దారంతో చుట్టి చేసే నకిలీ ఎర. రెడ్‌ఫిష్ మన కచిడి కుటుంబానిదే.

అపోహ: నీళ్లు ఎంత మడ్డిగా ఉంటే అంత తళుకు పెట్టాలి.

వాస్తవం: కొత్తగా కట్టేవాళ్లలో ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. తళుకు పోగు తనంతట తాను వెలగదు, తనమీద పడ్డ వెలుగునే తిప్పికొడుతుంది. మడ్డి నీళ్లలో ఆ వెలుగును బురద రేణువులు దారిలోనే చెదరగొట్టేస్తాయి. పైగా పోగులు ఎక్కువైతే తడిసి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇక ఫ్లై కదలదు, ముద్దలా వస్తుంది.

జింక తోక వెంట్రుకల మధ్య ఒక్కో పక్కకు నాలుగైదు క్రిస్టల్ ఫ్లాష్ (మెలితిప్పిన సన్నటి తళుకు పోగు) పోగులు చాలు. పోగును సగానికి మడిచి, దారం మీదుగా కొక్కెం కాడ మీదికి జార్చి బిగిస్తే ఊడిరాదు. చివర్లు సమానంగా కత్తిరించకండి. హెచ్చుతగ్గులుగా ఉంటే మెరుపు తోక పొడవునా పరుచుకుంటుంది. రంగు విషయంలో నా ఓటు బంగారు, రాగి రంగులకే. గోధుమరంగు నీళ్లలో నీలం వెలుగు ముందే పోతుంది, మిగిలేది పసుపు, ఎరుపు వైపుదే.

అపోహ: చేప ఎరను పట్టుకునేది కేవలం కంటితో చూసే.

వాస్తవం: కన్ను పనిచేయని చోట ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ పనిచేస్తుంది. నీటి కదలికను చేప దానితో పసిగడుతుంది. అందుకే తల భాగం లావుగా కట్టాలి, అది నీళ్లను నెట్టాలి. తళుకు పని ఆ తర్వాతే, చేప దగ్గరికొచ్చాక.

అపోహ: నలుపు మడ్డిలో కలిసిపోతుంది.

వాస్తవం: కలవదు. లేత మడ్డి రంగు మీద నల్లటి ఆకారమే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అపోహ: ఫ్లై తల దగ్గర కట్టే లోహపు కళ్లు ఎంత బరువుంటే అంత మంచిది.

వాస్తవం: రెండడుగుల నీళ్లలో బరువైన కళ్లు దబ్బున పడి చేపను బెదరగొడతాయి, బురదలో కూరుకుపోతాయి. అలాగని తీసేయొద్దు. కాడ పైన కట్టిన డంబెల్ కళ్లు (రెండు గుండ్లు కలిపినట్టుండే లోహపు కళ్లు) కొక్కెం మొనను పైకి తిప్పుతాయి కాబట్టి ఆల్చిప్పల గుట్టల్లో తక్కువగా తగులుకుంటుంది. ఫ్లైలు కట్టడంలో పేరున్న అమెరికన్ బాబ్ క్లౌజర్ ఈ పద్ధతితో క్లౌజర్ మిన్నో అనే ఫ్లైని కట్టింది పెన్సిల్వేనియాలోని సస్కెహానా నదిలో బాస్ చేపల కోసం. మంచినీటి ఫ్లై సముద్రమంతా తిరుగుతోంది!

అపోహ: స్టెయిన్‌లెస్ కొక్కేన్ని కడగక్కర్లేదు.

వాస్తవం: ఉప్పుకు అదీ తుప్పు పడుతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరాకే డబ్బాలో పెట్టండి.

కాకినాడ వైపు మడ అడవుల పాయల్లో పండుగప్పకు ఇది పనికొస్తుందా అంటే, ఆ చేపనే ఉత్తర ఆస్ట్రేలియాలో బారముండి అంటారు, అక్కడి మడ్డి నదుల్లో క్లౌజర్లతో పడతారు. కాకపోతే ఫ్లై పెద్దది కావాలి, కొక్కెం కూడా 3/0 అనే పెద్ద సైజు దాకా వెళ్లాలి. దాని మొప్పల అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి దారం చివర్లో, ఫ్లైకి ముందు, 40 పౌండ్ల బరువును ఆపే మందపాటి నైలాన్ తీగ కట్టుకోండి.