పారాణి ఎరుపు, పొర అంచున పులుపు

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, అలాంటి రంగుతో కణం పొర దగ్గర ఆమ్లత కొలవొచ్చా?” కొలవొచ్చు, పసుపుతో మాత్రం కుదరదు. అది ఎర్రబడేసరికి పీహెచ్ (ఆమ్లత కొలత, ఒక అంకె తగ్గితే ప్రోటాన్లు పదింతలు) 8 చుట్టుపక్కలకు వచ్చేస్తుంది. లైసోజోముల్లో, అంటే కణం చెత్తను అరిగించే సంచుల్లో, ఉండేది 4.5. (అన్నట్టు, ఎర్రనీళ్లలో దిష్టి దిగదు. పసుపులోని కర్క్యుమిన్ తన ప్రోటాన్ పోగొట్టుకుంటుంది, అంతే.)

ఇక్కడ పనికొచ్చేది ఫ్లోరెసిన్ అనే మెరిసే రంగు. దాని పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్, 6.4. ప్రోటాన్ వదిలిన అణువు 490 నానోమీటర్ల నీలి కాంతిని పీల్చి 520 దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. ప్రోటాన్ అంటుకుంటే మసకబారుతుంది. దీన్ని కొవ్వు అణువు (లిపిడ్) తలకు అతికించిన రూపంలో కొనొచ్చు. 200 లిపిడ్లకు ఒకటి చాలు, ఎక్కువైతే ఒకదాని వెలుగును ఇంకొకటి మింగేస్తుంది. లిపిడ్లను కరిగించిన క్లోరోఫామ్ ఆరబెట్టి, బఫర్ (పీహెచ్‌ను నిలబెట్టే ద్రావణం) పోసి, 100 నానోమీటర్ల రంధ్రాల వడపోత గుండా 21 సార్లు నెడితే లైపోజోములు, అంటే లిపిడ్ పొర చుట్టిన బుల్లి సంచులు, తయారు. బేసి సంఖ్యే ఎందుకంటే, నలగని ముద్దలు మొదటి సిరంజిలోనే ఉండిపోవాలి.

అసలు తమాషా ఋణావేశపు లిపిడ్లతో. ప్రోటాన్లు వాటి చుట్టూ మూగుతాయి. బరంపురంలో ఠాకురాణి యాత్రప్పుడు ఊరి జనాభా లెక్క చూసి అమ్మవారి ముందు తోపులాట ఎంతో చెప్పగలమా? బీకరులో ముంచిన పీహెచ్ మీటరు చెప్పేది ఊరి లెక్క, పొరకు అతుక్కున్న రంగు చెప్పేది ఆ తోపులాట. 25 డిగ్రీల దగ్గర పొర అంచున ఉండే మైనస్ 59 మిల్లీవోల్టులకు ప్రోటాన్లు పదింతలవుతాయి: బీకరులో 7.4 ఉంటే పొర అంచున 6.4.

ఇప్పుడు ఉప్పు వేయండి. మీటరు దాదాపు కదలదు, రంగు మాత్రం మెరుస్తుంది! సోడియం అయాన్లు ముందు వరుసలోకి దూరి ప్రోటాన్లను వెనక్కి తోశాయి. పీహెచ్ అంటే మీటరు మీది అంకె అని నేర్పినంతకాలం, దీన్ని చూసి “ప్రోటాన్లు పొర దాటాయి” అని రికార్డులో రాసేవాళ్లు ఉంటూనే ఉంటారు. అందుకే కాలిబ్రేషన్ (ఏ మెరుపుకు ఏ పీహెచ్ అని ముందే సరిచూసుకోవడం) కూడా అవే లిపిడ్లతో, అంతే ఉప్పుతో చేయాలి. 490, 440 రెండింటితోనూ వెలిగించి నిష్పత్తి తీసుకుంటే రంగు మోతాదులో తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి.

రంగులో దాదాపు సగం లోపలి ముఖాన ఉంటుంది, అక్కడ లెక్క మరీ విడ్డూరం. పీహెచ్ 7 దగ్గర సగటున 40 పైచిలుకు లైపోజోములకు కలిపి ఒకే ఒక్క స్వేచ్ఛా ప్రోటాన్! రంగుకు ప్రోటాన్లు అందించేది బఫరే. బఫర్ గాఢత 10 మిల్లీమోలార్ అయితే ఒక్కో లైపోజోములో సుమారు 2,300 బఫర్ అణువులు, లోపలి రంగు అణువులు 200 లోపు. బఫరును 1 మిల్లీమోలారుకు తగ్గిస్తే రెండూ ఇంచుమించు సమానం. అప్పుడు కొలవాల్సిన ప్రోటాన్లను రంగే పట్టేసుకుంటుంది.