మెషిన్ తిరుగుతుంటే లాభమేనా? చిన్న ఫ్యాక్టరీల్లో వేస్టు గురించి అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య వేస్టు తగ్గించే పని మీద హైదరాబాద్ జీడిమెట్లలో లోహపు భాగాలు చేసే ఒక మెషిన్ షాపుకి వెళ్లాను. ఓనరు గారు గేటు దగ్గరే చెప్పేశారు: "మా దగ్గర వేస్టు ఏమీ లేదండీ. కోతలో రాలే లోహపు చిప్స్ కూడా అమ్మేస్తాం." లోపల గోడ పొడవునా ర్యాకులు, వాటి నిండా నూనె పూసి పెట్టిన బుష్‌లు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న లోహపు గొట్టాలు. ఇవి ఎవరికండీ అంటే "ఆర్డర్ వస్తుంది లెండి, ఎప్పటికైనా" అన్నారు. పదిహేనేళ్లుగా ప్రతి షెడ్డులో ఇదే మాట.

అపోహ: మెషిన్ ఆగితే నష్టం, తిరుగుతుంటే లాభం

నేను చూసిన షాపుల్లో ఎక్కువ డబ్బు తినేసింది ఈ నమ్మకమే. భయం ఎక్కడిదో నాకు తెలుసు. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) లోన్ మీద తెచ్చారు, ఐదో తారీఖు ఈఎంఐ. మెషిన్ ఖాళీగా కనిపిస్తే కడుపులో దేవినట్టవుతుంది. కానీ ర్యాకులో బుష్‌ని ఈఎంఐ కింద బ్యాంకు తీసుకోదు కదా.

ఆ జీడిమెట్ల ఓనరు లెక్కే చూడండి. ఆర్డర్ 600. సెటప్‌కి, అంటే మెషిన్‌ని ఆ పార్టుకి సిద్ధం చేయడానికి, రెండు గంటలు పడుతోంది, మళ్లీ మళ్లీ ఎందుకని 2000 కొట్టించారు. ఎక్కువైనవి 1400. ఒక్కోదానికి రాడ్ ఖర్చే 90 రూపాయలు, అంటే 1,26,000 ర్యాకెక్కింది. అదీ సీసీ లిమిట్ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) నుంచి, 11 శాతం వడ్డీకి. ఇలా ఒకేసారి కొట్టించి మిగిల్చిందేమిటి? రెండు సెటప్‌లు, నాలుగు గంటలు. గంటకి 500 వేసుకున్నా 2000 రూపాయలు. నెల వడ్డీయే పదకొండు వందలు దాటుతుంది. ఆర్డర్ రెండు నెలలు ఆలస్యమైతే ఆ మిగులు కాస్తా వడ్డీకే సరి. ఈలోగా కస్టమర్ డ్రాయింగ్ మార్చాడు, బోర్ (లోపలి రంధ్రం) అర మిల్లీమీటరు తగ్గించి. పెంచి ఉంటే మళ్లీ కోసి రీవర్క్ అయినా చేసుకునేవాళ్లు.

టయోటా కార్ల కంపెనీలో ఇంజనీరు తైచి ఓనో ఏడు రకాల వేస్టు చెప్పి, అవసరానికి మించి తయారు చేయడమే అన్నిటికన్నా చెడ్డదన్నాడు. ర్యాకు, ట్రాలీ, లెక్కపెట్టే మనిషి, అన్నీ దాని వెనకే వస్తాయి. పైగా తప్పుల్ని కప్పేస్తుంది. ఈ పని నేనూ చేశాను. మొదటి ఉద్యోగంలో సూపర్‌వైజర్‌గా నెల టార్గెట్ దాటించి బోర్డు మీద పేరు రాయించుకున్నాను. మూడు వారాల తర్వాత అసెంబ్లీ వాళ్లు కింది పెట్టెలు తెరిస్తే, ఇన్సర్ట్ (లోహాన్ని కోసే చిన్న ముక్క) అరిగినప్పటి నుంచి కొట్టినవన్నీ బయటి డయా (వ్యాసం) ఓవర్‌సైజు. ఏ రోజువి ఆ రోజు పంపి ఉంటే సాయంత్రానికే తెలిసేది. రీవర్క్‌కి రెండు ఆదివారాలు పోయాయి. బోర్డు మీద నా పేరు మాత్రం ఎవరూ చెరపలేదు.

ఇంకో మాయ ఉంది. మార్చి నెలాఖరుకి స్టాక్ పెరిగితే షెడ్డు అద్దె, కూలీల ఖర్చులో కొంత ఆ స్టాక్ విలువలోకి ఎక్కుతుంది. కాగితం మీద లాభం బాగుంటుంది. "లాభం వచ్చిందన్నారు, మరి డబ్బేదండీ?" అని అడిగేవాళ్లకి నేను ర్యాకులే చూపిస్తాను.

మరి సెటప్‌కి రెండు గంటలు పడితే ఎలా అంటారు. ఆ రెండు గంటల మీదే పడాలి. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్‌కి డై (అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. కన్సల్టెంట్ షిగియో షింగో దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడు. మెషిన్ నడుస్తుండగా అయ్యే పనిని మెషిన్ ఆపి చేయకూడదు, అంతే కిటుకు. జీడిమెట్లలో సెటప్ జరుగుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆలెన్ కీ వెతకడం, స్టోర్ నుంచి జాస్ (రాడ్‌ని పట్టి ఉంచే దవడలు) తేవడం, ఫస్ట్ పీస్ పట్టుకుని క్యూసీ (క్వాలిటీ చెక్) కోసం ఎదురుచూడటం, వీటికే గంటా పది నిమిషాలు. అన్నీ ముందే ఒక ట్రాలీ మీద సర్దిపెట్టి, క్యూసీ కుర్రాడిని ముందే పిలిస్తే 50 నిమిషాలకి వచ్చింది. ట్రాలీ ఆలోచన నాది కాదు, అక్కడి హెల్పర్‌ది.

అపోహ: వేస్టు తగ్గించడమంటే మనుషుల్ని తీసేయడం

స్టాప్‌వాచ్ తీయగానే ఆపరేటర్ల మొహాలు మారిపోతాయి. ఊరికే కాదు, అలా తీసేసిన ఓనర్లని నేనూ చూశాను. ఆ షాపుల్లో తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. అందుకే ఈ పని వల్ల ఎవరినీ తీయనని ఓనరుతో అందరి ముందూ చెప్పిస్తాను. చెప్పనంటే వచ్చేస్తాను.

మిగతావి గబగబా. ఫైవ్ ఎస్ (పని చోటుని సర్ది పెట్టే పద్ధతి) అంటే నేల మీద పసుపు గీతలని చాలామంది అనుకుంటారు. గీత లోపల ఏముండాలో తేలకపోతే పెయింటు కూడా వేస్టే. కొత్త మెషిన్ కొంటే అన్నీ సర్దుకుంటాయా? ఇదే అలవాటుతో కొంటే స్టాక్ ఇంకా తొందరగా పేరుకుంటుంది. లీన్ (ఇలా వేస్టు తగ్గించే పద్ధతి) పెద్ద కంపెనీలకే అనేవాళ్లకి: 2023 మార్చిలో కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ లీన్ స్కీమ్‌ని మళ్లీ తెచ్చింది, అప్పట్లో కన్సల్టెంట్ ఫీజులో 90 శాతం ప్రభుత్వానిదే. వివరాలు ఆ శాఖ పోర్టల్‌లోనే చూసుకోండి. "ముందు అడ్వాన్స్ కట్టండి, సబ్సిడీ ఇప్పిస్తాం" అనే వాట్సాప్ మెసేజ్‌లు దయచేసి నాకు పంపకండి.

ఆ 1400 బుష్‌లు ఏమయ్యాయంటారా? అర మిల్లీమీటరు పెద్ద బోర్‌తో ఎవరికైనా పనికొస్తాయేమోనని ఆయన ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు.