తాకని ముక్కలు ఎలా అతుక్కుంటాయి?

మొన్న రాత్రి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక ఎక్స్‌రే పంపి, వెంటనే ఫోన్ చేసింది. 14 ఏళ్ల కొడుకు సైకిల్ మీంచి పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. "అన్నయ్యా, స్లింగ్ వేస్తే చాలంటున్నారు డాక్టరు గారు. కానీ చూడు, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి తాకనే లేదు. ఎలా అతుక్కుంటుంది? ఆపరేషన్ చేయించి ప్లేటు వేయించేద్దామా?"

టెన్షన్‌లో అడిగినా, అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

ముందు, ముక్కలు ఎందుకలా విడిపోతాయో చూద్దాం. మెడ నుంచి దిగే కండరం రొమ్ము వైపు ముక్కను పైకి లాగుతుంది. భుజం వైపు ముక్కను చేతి బరువు కిందికి, ఛాతీ కండరం లోపలికి లాగుతాయి. అందుకే ఒకటి పైకి లేచి, రెండోది దాని కిందికి జరుగుతుంది. ఎక్స్‌రేలో చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

కానీ ఎక్స్‌రేలో కనిపించనిది ఒకటుంది. ఎముక చుట్టూ చెట్టుకు బెరడులా ఒక పొర ఉంటుంది, పేరు పెరియోస్టియమ్. ఇది నేను సరదాగా తెచ్చిన పోలిక కాదు. చెట్టు బెరడు కింద కొత్త కణాలను పుట్టించే పొర కాంబియం. ఎముక పొరలో లోపలి భాగానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరూ కాంబియమే! పెద్దవాళ్లలో ఈ బెరడు పల్చగా ఉంటుంది, ఎముకతో పాటే చినిగిపోతుంది. పిల్లల్లో మందంగా, రక్తంతో పచ్చిగా ఉంటుంది. ఒక పక్క చినిగినా చాలాసార్లు ఇంకో పక్క గొట్టంలా నిలిచి, రెండు ముక్కలనూ కలిపే ఉంచుతుంది. ఎముకలు తాకకపోయినా బెరడు తెగలేదన్నమాట. ఆ బెరడు లోపలి నుంచే కొత్త ఎముక పుట్టి మధ్యలో వంతెన కడుతుంది.

ఇక్కడి నుంచి ఎముక చెట్టును దాటిపోతుంది. చెట్టు గాయాన్ని కొత్త కలపతో కప్పేస్తుంది తప్ప, లోపలి పాత వంకరను సరిచేయలేదు. ఎముక సరిచేసుకుంటుంది. ఆస్టియోక్లాస్ట్ కణాలు బరువు మోయని మొనలను కరిగించి తినేస్తాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు బరువు పడే చోట కొత్త ఎముక పేరుస్తాయి. బరువు ఎటు పడితే ఎముక అటు రూపు దిద్దుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. క్లాసులో ఎముకను సున్నపుకడ్డీలా బోర్డు మీద గీసి వదిలేస్తాం. అది బతికున్న కణజాలమని పిల్లలకు ఎప్పుడు చెబుతాం?

మరి ఆపరేషన్ మాట ఎలా వచ్చింది? 2007లో కెనడా సర్జన్లు 16 నుంచి 60 ఏళ్ల లోపు 132 మంది మీద చేసిన పరిశోధనలో, ముక్కలు పూర్తిగా జరిగిపోయిన వాళ్లకు ప్లేటు వేస్తే ఫలితం మెరుగ్గా కనిపించింది. ఆ ఉత్సాహం టీనేజీ పిల్లల దాకా పాకింది. దానికో వాదన ఉంది: ఈ ఎముక ఆడపిల్లల్లో 9 ఏళ్లకు, మగపిల్లల్లో 12 ఏళ్లకు దాదాపు 80 శాతం పొడవు పెరిగిపోతుంది, ఇక సర్దుకోవడానికి పెరుగుదల ఎంత మిగిలిందని. బలమైన వాదనే. కానీ 2022లో అమెరికాలోని పలు ఆసుపత్రులు కలిసి 10 నుంచి 18 ఏళ్ల పిల్లల ఫలితాలు ప్రచురించాయి. రెండేళ్ల తర్వాత చేతి పనితీరులో ఆపరేషన్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా లేదు. అనుకోని రెండో ఆపరేషన్ మాత్రం ప్లేటు వేసినవాళ్లకే ఎక్కువగా అవసరమైంది. ఎవరికి ఆపరేషన్ అన్నది అందులో లాటరీ తీసి నిర్ణయించలేదు, ఆ లోటు ఉంది. అయినా మా మేనల్లుడికి స్లింగే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

"పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించమంటున్నారు మా అత్తగారు," అంది చెల్లి. నల్లేరు పచ్చడి పెట్టమని కూడా చెప్పారట. పచ్చడి తిననివ్వు, తప్పులేదు. ఏ కట్టు కట్టినా పిల్లల కాలర్ బోన్ దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది కాబట్టి పేరు కట్టుకు వస్తుంది, పని బెరడు చేస్తుంది. భుజాలు వెనక్కి లాగి కట్టే ఎనిమిది అంకె కట్టు కంటే మామూలు స్లింగే తక్కువ బాధ పెడుతుందని, అతుక్కోవడంలో తేడా లేదని 1987లోనే డెన్మార్క్ డాక్టర్లు చూపించారు.

కొన్నిచోట్ల మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చినా, మొన మీది చర్మం పాలిపోయి బిగుసుకున్నా, చెయ్యి చల్లబడినా, వేళ్లు మొద్దుబారినా వెంటనే సర్జన్ చూడాలి. వాడి వేళ్లు కదిలించి, గిల్లి చూడమని చెల్లికి చెప్పాను. కదిలాయి, నొప్పీ తెలిసింది.

ఇంకో నెలకి మళ్లీ ఫోన్ వస్తుందని నాకు తెలుసు, "అన్నయ్యా, అక్కడ గట్టిగా గడ్డలా తగులుతోంది" అని. అదే ఆ వంతెన. అరిగి సన్నబడడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది.