చైనా డబ్బు దేశం దాటాలంటే

అమెరికాలో చదివే పిల్లలకు ఫీజు పంపిన తెలుగు తల్లిదండ్రులకు బ్యాంకులో నింపే ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) ఫారం బాగా తెలుసు. మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఆ డబ్బుతో అక్కడ షేర్లు కొన్నా, ఇల్లు కొన్నా తప్పులేదు. చైనాలో మాత్రం మనిషికి ఏడాదికి 50 వేల డాలర్లే. 2007లో పెట్టిన ఆ పరిమితే ఇప్పటికీ నడుస్తోంది. 2017 జనవరి నుంచి ఫారంలో ఇంకో షరతు చేరింది: ఈ డాలర్లతో విదేశాల్లో ఇల్లు, షేర్లు, జీవిత బీమా పాలసీ కొనకూడదు. చదువుకో, వైద్యానికో, ప్రయాణానికో అయితే సరే.

నిజానికి 2000 ప్రాంతంలో 'బయటికి వెళ్లండి' అంటూ కంపెనీలను తరిమింది ప్రభుత్వమే. ఎగుమతుల డాలర్లు పోగుపడ్డాయి, పరిశ్రమలకు చమురు, ఖనిజాలు కావాలి. 2014లో చాలా ప్రాజెక్టులకు అనుమతి అక్కర్లేదు, నమోదు చేయించుకుంటే చాలన్నారు. తలుపు బార్లా తెరుచుకుంది. అదే ఏడాది ఆన్‌బాంగ్ అనే బీమా కంపెనీ న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌ను 195 కోట్ల డాలర్లకు బేరమాడింది. ఆ వెనకే సినిమా హాళ్లు, ఫుట్‌బాల్ క్లబ్బుల కొనుగోళ్లు.

2015 ఆగస్టులో యువాన్ విలువ తగ్గించడంతో టెన్షన్ మొదలైంది. 2014 జూన్‌లో 3.99 లక్షల కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వలు 2017 జనవరికి 3 లక్షల కోట్ల దిగువకు జారాయి. ఆ తర్వాత వచ్చిన కట్టుబాట్ల వెనక ఉన్నది, డబ్బు దేశం దాటిపోతోందన్న ఈ భయమే.

2017 ఆగస్టులో విదేశీ పెట్టుబడులను మూడుగా విడగొట్టారు. జూదం నిషిద్ధం. హోటళ్లు, రియల్ ఎస్టేట్, సినిమా హాళ్లు, క్రీడా క్లబ్బులకు కట్టడి. ప్రభుత్వ ప్రాధాన్యాలకు సరిపోయేవాటికి ప్రోత్సాహం. 2018 మార్చి నుంచి, చైనా పౌరుల చేతిలో ఉన్న విదేశీ కంపెనీలు పెట్టే పెట్టుబడులూ లెక్కలోకి వచ్చాయి. ఇప్పుడు కంపెనీ ముందుగా జాతీయ అభివృద్ధి, సంస్కరణల కమిషన్ దగ్గర, వాణిజ్య శాఖ దగ్గర కాగితాలు పూర్తిచేసుకోవాలి. ఆ తర్వాత బ్యాంకులో విదేశీ మారక నమోదు. ఆన్‌బాంగ్‌ను 2018 ఫిబ్రవరిలో ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. దాని ఛైర్మన్‌కు మోసం, నిధుల స్వాహా కేసుల్లో 18 ఏళ్ల జైలు పడింది.

నాకు బాధనిపించేది చిన్న మదుపరుల సంగతి. హోటళ్లు కొన్నది పెద్ద కంపెనీలు, దారి మూసుకుపోయింది వీళ్లకు. విదేశంలో కంపెనీ పెట్టి, దాని ద్వారా నిధులు సమీకరించాలనుకునే వ్యాపారికి విదేశీ మారక నియంత్రణ సంస్థ 2014లో ఇచ్చిన 37వ సర్క్యులర్ కింద నమోదు మార్గం ఉంది. అది చేయించుకోకపోతే లాభాలు చట్టబద్ధంగా ఇంటికి తెచ్చుకోవడమే కష్టం. అలాంటి కంపెనీ లేని మామూలు ఉద్యోగికి ఆ దారీ లేదు. అందుకే కొందరు చుట్టాల కోటాలన్నీ కలిపి కొంచెం కొంచెంగా పంపిస్తారు. దీనికి అక్కడి జనం పెట్టుకున్న పేరు 'చీమలు ఇల్లు మారడం'. దొరికితే మొత్తంలో 30 శాతం దాకా, తీవ్రమైతే అంతకు మించి జరిమానా.

2022 డిసెంబరులో, విదేశీ షేర్లు కొనిపెట్టే ఫూటూ, టైగర్ అనే ఆన్‌లైన్ బ్రోకర్ల వంతు వచ్చింది. చైనా నుంచి కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని అక్కడి సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఆదేశించింది. పాత ఖాతాల్లో కొనుగోళ్లు, అమ్మకాలు చేసుకోవచ్చు గానీ, మారక నిబంధనలు దాటి కొత్త డబ్బు మాత్రం వేయకూడదంది.