బూడిద కనిపించాక డ్రమ్ము కలిపితే పూత తిరిగి రాదు: మామిడి తెగుళ్లపై అపోహలు, వాస్తవాలు

జనవరి వచ్చిందంటే పొద్దున ఆరింటి నుంచే నా ఫోన్ మోగుతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఇటు హుస్నాబాద్ నుంచి కూడా ఫొటోలు వస్తాయి. పూగుత్తి మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, అదే బూడిద తెగులు. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఏం మందు కొడితే పోతది?" పన్నెండేళ్లుగా మామిడి తోటలు తిరుగుతున్నాను, ఈ ప్రశ్న రాని సీజన్ లేదు. అడిగే రైతు మీద నాకు కోపం లేదు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట, తోట గుత్తకు తీసుకున్నవాడైతే అప్పటికే లక్షలు కట్టేసి ఉంటాడు, రాత్రి నిద్ర ఎలా పడుతుంది? నా కోపమంతా "ఫలానాది కొట్టు, తెల్లారేసరికి మాయం" అని ధైర్యంగా చెప్పేవాళ్ల మీద.

అపోహ: తెగులు కనిపించాక గట్టి మందు కొడితే పోతుంది.

పోదు. ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినంత డబ్బు మిగతా అన్నింటివల్లా కలిపినా పోయి ఉండదు. మీకు ఈరోజు తెల్లగా కనిపిస్తున్న బూడిద అంతకు కొన్ని రోజుల ముందే పూత మీద దిగింది. మాడిపోయిన పువ్వుకు ఏ మందూ ప్రాణం పోయదు. మందు చేసేదల్లా ఇంకా బాగున్న పూగుత్తులకు పాకకుండా ఆపడం. అందుకే మొదటి పిచికారీ బూడిదను చూసి కాదు, పూతను చూసి చేయాలి. పూగుత్తి మూడు నాలుగు అంగుళాలు సాగి, పువ్వులు ఇంకా విచ్చుకోకముందు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఆ తర్వాత వాతావరణాన్ని బట్టి పది పదిహేను రోజులకు హెక్సాకోనజోల్ అనే తెగులు మందు లీటరుకు 2 మి.లీ. పిందె కట్టాక అవసరమైతే ఇంకోసారి, అదీ మందు మార్చి. ఒకే రకం మందు వరసగా కొడుతూ పోతే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది, తర్వాత డోసు పెంచినా లాభం ఉండదు. కాశ్మీర్, హిమాచల్‌లో ఆపిల్ రైతులు స్కాబ్ తెగులుకు ఇలాగే మొగ్గ దశను చూసి, ఆకుపచ్చ కొన కనిపించినప్పుడు ఒకటి, మొగ్గ గులాబీ రంగుకు వచ్చినప్పుడు ఒకటి అని మందు కొడతారు, మచ్చ పడేదాకా ఆగరు. చెట్టు వేరు, తెగులు వేరు, లెక్క మాత్రం ఇదే.

పోయిన సీజన్‌లో ఒక తోటకు వెళ్లాను. ఆ తోట రైతు బూడిద చూసి కంగారుపడి, గంధకం, హెక్సాకోనజోల్, రెండు పురుగు మందులు, పైన వేపనూనె, ఇంకేదో టానిక్, అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టించాడు. గంధకంతో నూనె కలపకూడదు, పూత మాడిపోతుంది. మాడిపోయింది కూడా. "అన్నీ కలిపితే కూలి కలిసొస్తది అన్నరు సార్" అని అతను నేల చూస్తూ నిలబడితే నాకు తిట్టడానికి నోరు రాలేదు. బూడిద తీసుకుపోయేదానికంటే ఆ డ్రమ్ము ఎక్కువ తీసుకుపోయింది.

ఇదే అపోహకు రెండో ముఖం పక్షికన్ను తెగులు, అంటే ఆంత్రాక్నోస్. ఇది మా ఇంట్లోనే జరిగింది. నేను డిగ్రీలో ఉండగా బాపు బంగినపల్లి కాయలు మార్కెట్‌కు తోలాడు. తోలిన రోజు ఒక్క మచ్చ లేదు. నాలుగు రోజులకు కొన్నవాళ్లు ఫోన్ చేసి, కాయలు నల్లబడి కుళ్లుతున్నాయి, డబ్బు కోస్తున్నామన్నారు. వాళ్లు అబద్ధం ఆడుతున్నారని బాపు ఏళ్లపాటు నమ్మాడు, నేనూ నమ్మాను. చదువుకున్నాకే తెలిసింది: ఈ శిలీంధ్రం పూత, పిందె దశలోనే తొక్కలోకి దిగి, కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లూ కదలకుండా పడుకుంటుంది, పండు మాగేటప్పుడు లేస్తుంది. మే నెలలో కనిపించిన నలుపు జనవరి, ఫిబ్రవరిలో మంచు కురిసి, జల్లు పడి, పూత తడిగా ఉన్న రోజుల్లో ఎక్కింది. కోతకు ముందు మందు కొట్టి దాన్ని బయటకు లాగలేం. కోశాక 52 డిగ్రీల వేడినీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే కొంత తగ్గుతుంది, కానీ థర్మామీటర్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు, తొక్క ఉడికిపోతుంది.

అసలు ఆ తెగులు ఉండేది ఎండు కొమ్మల్లో, వాన చినుకులతో పాటు కిందికి జారి లేత చిగురు మీద, పూత మీద పడుతుంది. కోత అయ్యాక ఎండు పుల్లలన్నీ కత్తిరించి తోట బయట కాల్చేయండి, కోసిన చోట బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద, పూయండి. దీనికి కూలి ఖర్చు తప్ప మందు ఖర్చు పెద్దగా లేదు, బహుశా అందుకేనేమో ఎవరూ గట్టిగా చెప్పరు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

"వాన లేదు కదా, తెగులు ఎందుకొస్తది?" పక్షికన్నుకు తడి కావాలి నిజమే, బూడిదకు అక్కర్లేదు. పొడిగా ఉండి, రాత్రి చలి, పగలు వెచ్చగా ఉంటే చాలు. గట్టి వాన పడితే అది కడుక్కుపోతుంది కూడా.

"ఆకులు నల్లగా మసి పట్టాయి, తెగులు మందు ఇవ్వండి." ఆ మసి ఆకును తినదు. తేనెమంచు పురుగు వదిలిన జిగట మీద పెరుగుతుంది. పురుగును చూసుకోండి. ఉన్న మసికి పలుచని గంజి కొడితే ఎండాక పొట్టులా రాలిపోతుంది.

"కాయ మీద మంగు తెగులే కదా?" తొక్క గరుకుగా, గోధుమ రంగుకు మారే ఈ మంగు ఎక్కువగా తామర పురుగుల పని. దానికి తెగులు మందు కొట్టడం దండగ.

"పూత నిండుగా ఉన్నప్పుడు పురుగు మందు కొడితే బాగా పట్టుకుంటది." అప్పుడే కొట్టకూడదు. మామిడికి పరాగం మోసేవి ఎక్కువగా ఈగలు, వాటిని చంపుకుంటే పిందె ఎక్కడిది? పూతకు ముందు కొట్టండి, లేదా పిందె కట్టాక.

"బోర్డో మిశ్రమం పాతకాలం మందు." 1885 నుంచి వాడుతున్నారు, ఇప్పటికీ పనిచేస్తుంది. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. తయారయ్యాక శుభ్రమైన ఇనుప కత్తి ముంచి చూడండి, ఎర్రగా రాగి పడితే ఇంకాస్త సున్నం కలపాలి. పూత మీద మాత్రం వాడొద్దు.

ఫొటో పంపేవాళ్లు దయచేసి తెల్లగా ఉన్న ఒక్క గుత్తిని దగ్గరగా తీసి పంపకండి. చెట్టు మొత్తం ఒకటి, ఆకు వెనుక వైపు ఒకటి, ఇప్పటిదాకా కొట్టిన మందు డబ్బాలది ఒకటి తీసి, పూత ఏ తేదీన మొదలైందో రాయండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు డ్రమ్ము కలపకముందే ఫోన్ చేయండి, ఆరింటికైనా ఎత్తుతాను.