తీస్తా-3: లెక్కలోకి రాని సరస్సు

ఉత్తర సిక్కింలోని చుంగ్‌థాంగ్ వద్ద తీస్తా-3 జలవిద్యుత్ కేంద్రానికి నీరందించే 60 మీటర్ల ఆనకట్ట 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి దాటాక నిమిషాల్లో కొట్టుకుపోయింది. 1,200 మెగావాట్ల ఆ కేంద్రం పని మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లే. ఆ వరదలో 50 మందికి పైగా మరణించారు. అంతకంటే ఎక్కువ మంది జాడే తెలియలేదు.

ముప్పు ఎక్కడుందో ముందే తెలుసు. ఎగువన 5,200 మీటర్ల ఎత్తులో దక్షిణ ల్హోనక్ సరస్సు ఉంది. 1970లలో దాని విస్తీర్ణం 20 హెక్టార్లు కూడా లేదు. హిమానీనదం కరిగి వెనక్కు జరుగుతున్నకొద్దీ పెరిగి, తెగడానికి కొన్ని రోజుల ముందు 167 హెక్టార్లకు చేరింది. దాని గట్టు తెగవచ్చని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు 2013లోనే హెచ్చరించారు. 2016లో పైపులు వేసి కొంత నీటిని బయటకు మళ్లించారు. మరుసటి ఏడాదే దిగువన టర్బైన్లు తిరిగాయి! ఆ రాత్రి సరస్సు పక్కన గడ్డకట్టి ఉన్న మట్టీ రాళ్ల వాలు విరిగి నీళ్లలో పడింది. లేచిన అల గట్టును తెంచేసింది.

ఆనకట్ట స్పిల్‌వేను, అంటే అదనపు వరద నీటిని వదిలే మార్గాన్ని, సెకనుకు 7,000 ఘనపు మీటర్ల వరదకు కట్టారు. ఇలాంటి అంకెలు గతంలో కురిసిన వానల నుంచి, నదిలో నమోదైన ప్రవాహాల నుంచి వస్తాయి. వాన వరదల విషయంలోనూ ఈ పద్ధతికి పూర్తి భరోసా లేదు. 19 లక్షల క్యూసెక్కుల అంచనాతో కట్టిన శ్రీశైలానికి 2009 అక్టోబరులో 25 లక్షలకు పైగా వచ్చాయి. ఆనకట్ట నిలిచింది, అది మన అదృష్టం. ఇక కళ్లముందే పుట్టి పెరిగిన సరస్సుకు పాత రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది?

మారుతున్న వాతావరణాన్ని డిజైన్ దశలోనే లెక్కించాలంటూ అంతర్జాతీయ జలవిద్యుత్ సంఘం 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. తీస్తా-3కి పర్యావరణ అనుమతి వచ్చింది 2006లో.

2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ అదే చోట 118 మీటర్ల కాంక్రీటు ఆనకట్టకు సిఫారసు చేసింది. సరస్సు తెగితే వచ్చే వరదనూ ఈసారి కలిపి, స్పిల్‌వే సామర్థ్యాన్ని సెకనుకు దాదాపు 20 వేల ఘనపు మీటర్లకు పెంచారు. ఇది మంచి మార్పే. ప్రజాభిప్రాయ సేకరణకు మాత్రం 2006 నాటిదే సరిపోతుందన్నారు. ఇది సరికాదు. 2023 వరదలో ఇళ్లనూ మనుషులనూ పోగొట్టుకున్న లోయవాసులను అడగకుండా అక్కడ మళ్లీ పునాది తీయకూడదు.